చాపెల్ క్వయర్‌లో పాడమంటున్నారు, కర్ణాటక సంగీతం తప్ప మరేమీ రానిదాన్ని. చేరవచ్చా?

కాకినాడ కోకిల (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఈ అక్టోబరులోనే ఎం.ఫిల్. చదవడానికి కేంబ్రిడ్జికి వచ్చాను. మాది చిన్న కళాశాల. పేరు చెబితే ఊళ్లో ఉన్న తెలుగువాళ్లంతా నన్ను గుర్తుపట్టేస్తారు కాబట్టి చెప్పను.

పోయిన గురువారం మా అంతస్తు వంటగదిలో పప్పుకు తాలింపు పెడుతూ ఏదో కృతి పల్లవి అందుకున్నాను. పక్కగది అమ్మాయి గుమ్మంలో నిలబడి విని, "నువ్వు ఆల్టోవా?" అని అడిగింది. ఆ మాటకు అర్థమే నాకు తెలియదు. కళాశాల చాపెల్ క్వయర్‌లో, అంటే ప్రార్థన మందిరపు గాయక బృందంలో, మనుషులు తగ్గారట, ఆదివారం సాయంత్రం ప్రార్థనలో పాడటానికి రమ్మంది. ఎంపిక పరీక్ష లేదు. డబ్బులూ లేవు. పాడినవాళ్లకు ఆ రాత్రి హాలులో భోజనం మాత్రం ఉచితం. నడిపేది రెండో ఏడాది చదువుతున్న కుర్రాడు; ఆర్గాన్ స్కాలర్ అంటారట.

పదకొండేళ్లు గాత్రం నేర్చుకున్నాను, డిప్లొమా కూడా ఉంది. కానీ అయిదు గీతల స్వరలిపి చదవడం రాదు. బృందగానం అంటే బడిలో ప్రార్థన గీతం పాడటమే తెలుసు. పైగా మాది రెండు పూటలా దీపం పెట్టుకునే ఇల్లు. అమ్మకు ఫోనులో చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పాడటం వరకేనా, ఇంకేమైనా చేయిస్తారా?" అంది. దానికి జవాబు నాకూ తెలియదు.

వచ్చిన కొత్తలో కింగ్స్ కాలేజీ చాపెల్ బయట వరుసలో నిలబడి ఒకసారి విన్నాను. పైకప్పు చూడాలో పాట వినాలో తోచలేదు. అలాంటి చోట నా గొంతు ఏం చేస్తుంది? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. శనివారంలోగా ఆ అమ్మాయికి ఏదో ఒకటి చెప్పాలి.


రెండో వరుస ఆల్టో

చేరండి.

ముందు కింగ్స్‌ను మనసులోంచి తీసేయండి. అది ఆరో హెన్రీ రాజు 1441లో పెట్టిన కళాశాల. అక్కడ పాడే చిన్నపిల్లలనూ, కోరల్ స్కాలర్లనే విద్యార్థి గాయకులనూ వడగట్టి ఎంచుకుంటారు, టర్మ్‌లో దాదాపు రోజూ పాడిస్తారు. దాన్ని విని మీ ఆదివారం బృందానికి జంకడం అంటే, తిరువయ్యారు ఆరాధనోత్సవం చూసి వచ్చి మన వీధి రామాలయం భజనకు వెళ్లడానికి సిగ్గుపడటమే. మీది భజన గోష్ఠి. పద్దెనిమిది మంది వస్తే పండుగ, పదకొండు మంది వస్తే మామూలు. టెనర్లు, అంటే మగవాళ్లలో పై గొంతువాళ్లు, ఇద్దరుంటారు, వాళ్లలో ఒకరికి ఎప్పుడూ జలుబు.

నేను ఇదే ఊళ్లో వేరే చిన్న కళాశాలలో పిహెచ్.డి. చేస్తూ మూడేళ్లు పాడాను. మాది విజయవాడ. మీలాగే గాత్రం వచ్చు, మీలాగే గీతలు చదవడం రాదు, మీలాగే అమ్మ ఉంది.

ఆల్టో సంగతి. ఆడవాళ్లలో కింది గొంతు ఆల్టో, పై గొంతు సొప్రానో; మగవాళ్లలో కింది గొంతు బేస్. మీరు ఏ శ్రుతికి పాడతారు? అయిదో, అయిదున్నరో అయితే నిస్సంకోచంగా ఆల్టోలలో నిలబడండి. మన అమ్మాయిలు మంద్ర పంచమం నుంచి తార గాంధారం దాకా తిరిగే మేర సుమారుగా వాళ్ల ఆల్టో చోటే. సొప్రానోలు మీ తార షడ్జానికి పైన మరో షడ్జం దాకా వెళ్తారు. మనం సాధన చేయని ఊరు అది. ఎవరైనా మొహమాటపెట్టి అటు నిలబెడితే మూడో వారానికల్లా గొంతు పోతుంది.

స్వరలిపి గురించి మీరు అనుకుంటున్నంత భయం అక్కర్లేదు. గీత పైకి వెళ్తే గొంతు పైకి, కిందికి వెళ్తే కిందికి. మొదటి టర్మ్‌కు అది చాలు. నేను ప్రతి పాట కాగితం మీదా పెన్సిలుతో స, రి, గ, మ అని తెలుగులో రాసుకునేదాన్ని. పెన్సిలే సుమా. పెన్ను తీశారంటే పుస్తకాలు చూసుకునే అమ్మాయి చూపుతోనే కాల్చేస్తుంది. అసలు చిక్కు రాసుకోవడంలో లేదు, షడ్జం ఎక్కడుందో తేల్చుకోవడంలో ఉంది. తంబురా ఉండదు. ఆర్గాన్ ఒక్కసారి స్వరం ఇచ్చి ఊరుకుంటుంది. రెండో పేజీకి వచ్చేసరికి చెప్పాపెట్టకుండా గ్రహభేదం చేసేస్తారు, ఇంతసేపూ మీరు పంచమం అనుకున్నది షడ్జమై కూర్చుంటుంది. చుట్టూ ఉన్న ఎవరికీ అది వింతగా ఉండదు. మనకేమో కూర్చున్న పీట లాగేసినట్టుంటుంది.

ఇక కీర్తనలు. బైబిలులోని కీర్తనల గ్రంథమే. ఇంగ్లండులో వీటిని పాడే తీరు మరెక్కడా వినలేదు. బాణీలో మొదటి సగానికి నాలుగు స్వరాలు, రెండో సగానికి ఆరు, మొత్తం పది స్వరాలే. దాని మీద ఎంత పొడవు వాక్యమైనా ఎక్కించాలి. మొదటి స్వరం మీద మూడు మాటలు ఉండొచ్చు, ఇరవై ఉండొచ్చు. వాటన్నిటినీ తాళం లేకుండా, మాట్లాడినంత సహజంగా, అందరూ ఒక్క నోటితో అనేసి చివర స్వరాలు మార్చాలి. లలితా సహస్రనామం పారాయణం చేసేటప్పుడు నలభై మంది ఆడవాళ్లు ఒకే ఊపిరిలో ఎలా వెళ్తారో గుర్తుందా? ఆ నడక ఇక్కడ పనికొస్తుంది. చాపెల్‌లో బృందం ఎదురెదురుగా రెండు పక్కల నిలబడుతుంది. ఒక పక్క డెకనై, రెండో పక్క కాంటోరిస్. ఒక చరణం వాళ్లు, ఒక చరణం వీళ్లు.

నా మొదటి ఆదివారం చెబుతాను. ప్రతి చరణం నడుమ రెండు చుక్కలుంటాయి. అక్కడ అందరూ ఊపిరి తీసుకుంటారు, కొవ్వొత్తి మంట ఒకసారి ఊగినంతసేపు. ఆ సంగతి సాధనలో చెప్పారు, విన్నాను, తలూపాను. కీర్తన మూడో చరణంలో ఆ రెండు చుక్కల దగ్గర నేను ఆగలేదు. నాలుగువందల ఏళ్ల నాటి కట్టడం, రాతి గోడలు, చెక్క బల్లలు, అంతా నిశ్శబ్దం. అందులో నా ఒక్కదాని గొంతు, పదకొండేళ్లు సాధన చేసిన నిండు గొంతు, "అండ్" అంది. ఆ ఒక్క మాటే. అది గోడకు కొట్టుకుని వెనక్కి వచ్చింది కూడా. ఎదురు వరుసలో ఒక బేస్ గొంతు కుర్రాడు పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

నా పక్కన నిలబడేది మా కళాశాల గ్రంథాలయంలో పనిచేసే పెద్దావిడ. అక్కడ చాలా చోట్ల విద్యార్థులతో పాటు సిబ్బందీ పాడతారు. ఆవిడ నావైపు చూడలేదు. తర్వాతి చరణం ఎదుటివాళ్లది. వాళ్లు పాడుతుండగా నా పుస్తకం లాక్కుని, మిగిలిన చరణాలన్నిటిలో ఆ రెండు చుక్కల చుట్టూ చకచకా సున్నాలు చుట్టి, మా వంతు వచ్చేలోపు నా చేతిలో పెట్టేసింది. మూడేళ్లలో నేను నేర్చుకున్న సంగీతంలో సగం ఆవిడ మోచేతి పక్కన నిలబడి నేర్చుకున్నదే. మీరు వెళ్లగానే చేయవలసిన మొదటి పని అది: ఎవరు తడబడరో కనిపెట్టి వాళ్ల పక్కన చేరడం.

రెండో గండం గమకం. ఒక పాటలో ఆల్టోలకు సాధారణ గాంధారం మీద నాలుగు మాత్రలు నిలబడే చోటు వచ్చింది. నా గొంతు దానంతట అది ఊగింది. నేను ఊపలేదు, ఒట్టు. ఖరహరప్రియ పాడిన గొంతుకు ఆ గాంధారాన్ని కట్టేసినట్టు నిలబెట్టడం తెలియదు. బృందాన్ని నడిపే కుర్రాడు ఆపి, "ఆల్టోలలో ఒక స్వరం కదులుతోంది" అన్నాడు. మర్యాదస్తుడు, ఎవరని అడగలేదు. నేను పైకప్పు చూశాను. ఇంటికి వెళ్లి వారం రోజులు ఆ ఒక్క గాంధారాన్ని కదలకుండా పట్టుకోవడం సాధన చేశాను. సరళీ స్వరాల నాడు మా మాస్టారు చేయించింది అదే కదా, అక్కడి నుంచే మళ్లీ మొదలుపెట్టానన్నమాట.

అసలు కష్టం మాత్రం వీటిలో ఏదీ కాదు. మనకు నేర్పింది ఒక్కరం పాడటం. పక్కన వయొలిన్ ఉంటే అది మన వెనక రావాలి, మృదంగం మనకోసం ఆగాలి. ఇక్కడ పక్కవాళ్ల గొంతు మీకు వినిపించడం లేదంటే మీరు గట్టిగా పాడుతున్నారని అర్థం. ఇంకో విచిత్రం చెబుతాను. ఆర్గాన్ లేకుండా పాడేటప్పుడు బృందం మెల్లగా శ్రుతి దిగిపోతూ ఉంటుంది. మన చెవికి అది అందరికన్నా ముందు తెలుస్తుంది, పళ్లు పులిసిపోతాయి. నేను మొదట్లో పట్టుదలగా అసలు శ్రుతిలోనే నిలబడ్డాను. గురువుగారు చూస్తే మెచ్చుకునేవారు. కానీ పదహారు మంది దిగినప్పుడు నేనొక్కదాన్ని పైన ఉంటే అపశ్రుతి నాదే. అది ఒప్పుకోవడానికి నాకు రెండు టర్మ్‌లు పట్టింది. ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేదేమో.

మీ అమ్మగారి ప్రశ్నకు నాకు తెలిసినంతలో: ఎవరూ ఏమీ చేయించరు. మా బృందంలో దేవుణ్ణి నమ్మనివాళ్లే ఎక్కువ. ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. 1871లో పార్లమెంటు చట్టం చేసేదాకా ఇక్కడ పదవులకు మతం అడ్డుగా ఉండేది. అమ్మాయిల సంగతి ఇంకా ఆలస్యం. కింగ్స్, క్లేర్, చర్చిల్ మొదటిసారి అమ్మాయిలను చేర్చుకున్నది 1972లో. ఈ వరుసల్లో చీరలు కట్టే ఇళ్ల నుంచి వచ్చిన మనం నిలబడటం ఆ రాళ్లకు నిన్నమొన్నటి సంగతే.

భోజనం శాకాహారమని ముందే రాసివ్వండి. పుట్టగొడుగుల రిసొట్టో, అంటే ముద్దగా వండిన ఇటలీ అన్నం, పెడతారు. మళ్లీ ఆదివారం కూడా పుట్టగొడుగుల రిసొట్టోనే పెడతారు.


గుంటూరు బేస్

పై అక్కగారు సంగీతం గురించి చెప్పినవన్నీ నిజం. నేను డరమ్ విశ్వవిద్యాలయంలో ఒక కళాశాల చాపెల్‌లో రెండేళ్లు పాడాను. మాది మూడు తరాల క్రైస్తవ కుటుంబం, కాబట్టి మతం సంగతి నేను చెబుతాను.

మీరు పాడబోయేది ఈవెన్‌సాంగ్, సాయంకాల ఆరాధన. పాత మఠాల్లో సాయంత్రం ఒకటి, పడుకోబోయే ముందు ఒకటి చేసుకునే రెండు ప్రార్థనలను ఆర్చిబిషప్ క్రాన్మర్ 1549 ప్రార్థన పుస్తకంలో కలిపి ఒకటి చేశాడు. ఇప్పుడు వాడేది 1662 నాటి పాఠం. ఇందులో రొట్టె, ద్రాక్షారసం ఉండవు. కాబట్టి తీసుకోవాలా వద్దా అన్న ప్రశ్నే రాదు. ఎప్పుడైనా పొద్దుటి ఆరాధనకు పాడమంటే అప్పుడు ప్రభు భోజనం ఉంటుంది. బాప్తిస్మం లేనివాళ్లు తమ చోటే కూర్చుంటారు, లేదా చేతులు ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని వెళ్తే దీవించి పంపుతారు. రెండూ మామూలే. మధ్యలో విశ్వాస ప్రమాణం చెప్పేటప్పుడు అందరూ తూర్పుకు తిరుగుతారు. మీరూ తిరగండి, లేకపోతే పక్కవాళ్ల ముక్కు తగులుతుంది. నోరు మెదపాలా వద్దా అన్నది మీ ఇష్టం.

ఒక్క మాట మాత్రం అక్కగారితో విభేదిస్తాను. నమ్మనివాళ్లే ఎక్కువ అన్నది నిజమే, కానీ ఆ బల్లల్లో నాలాంటివాళ్లు కొందరు నిజంగానే ప్రార్థనకు వచ్చి కూర్చుంటారు. వాళ్లకు అది కచేరీ కాదు. ఆరాధన అయ్యాక ఎవరూ చప్పట్లు కొట్టరు, గమనించండి. మాటల అర్థం తెలుసుకుని పాడండి, అంతే నేను కోరేది. ప్రతి ఈవెన్‌సాంగ్‌లోనూ రెండు పాటలు తప్పనిసరి. ఒకటి మరియమ్మ పాడినది, లూకా సువార్త మొదటి అధ్యాయంలో ఉంది: "నా ప్రాణము ప్రభువును ఘనపరచుచున్నది." బలవంతులను గద్దెల మీద నుంచి దింపి, దీనులను పైకెత్తే పాట అది. రెండోది సుమెయోను అనే ముసలాయన పసిబిడ్డను చేతుల్లోకి తీసుకుని, ఇక నన్ను వెళ్లనివ్వు స్వామీ అనడం. ఈ రెంటికీ వందల బాణీలున్నాయి. మీ ఊళ్లోనే ట్రినిటీ కళాశాలలో ఆర్గాన్ వాయించిన స్టాన్‌ఫర్డ్ 1879లో కట్టిన బాణీ మీకు మొదటి టర్మ్‌లోనే తగలవచ్చు. దాంట్లో బేస్‌లకు చాలా బాగుంటుంది, ఆల్టోల సంగతి నాకు తెలియదు.

ఇంకొకటి. మీది వేరే సంగీతం, మాది వేరే సంగీతం అని అనుకోకండి. మా ఇంట్లో ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఉంది. ప్రతి పాట నెత్తిన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి గారు పందొమ్మిదో శతాబ్దంలోనే మన రాగాల్లో క్రైస్తవ కీర్తనలు రాశారు. మా నాయనమ్మకు అయిదు గీతలు తెలియవు, ఆనంద భైరవి తెలుసు. డరమ్‌లో మొదటి రోజు అందరూ పుస్తకాలు తిప్పుతుంటే నేనూ మీలాగే తెల్లమొహం వేశాను.


ఒక్క టర్మ్‌తో సరి

ఎవరో ఒకరు రెండో వైపు కూడా చెప్పాలి. నేను ఆక్స్‌ఫర్డ్‌లో చేరి ఒక టర్మ్‌తో మానేశాను. కళాశాల పేరు అనవసరం. టర్మ్ అంటే ఎనిమిది వారాలే, కానీ గురువారం సాధనకు రెండు గంటలు, ఆదివారం సాధన, ఆరాధన, భోజనం, ఆపైన కబుర్లు కలిపి అయిదు గంటలు. వారానికి ఏడు. ఎం.ఫిల్. ఒక్క ఏడాదే అయితే ఆ గంటలు వ్యాసాలకు కావాలి. పైగా మా నడిపే అబ్బాయి తప్పు పాడినవాళ్లను అందరి ముందూ ఒక్కొక్కరినే పాడించేవాడు. చిన్నప్పటి నుంచీ పాడుతున్న వాళ్లకు అది ఆట, నాకు అవమానం. నవంబరులో ఆ చాపెల్‌లో చలికి కాళ్లు కొయ్యబారతాయి. ఉచిత భోజనం కోసం అంత అవసరమా?


రెండో వరుస ఆల్టో

ఆ అబ్బాయి చేసింది తప్పు. అలాంటివాడు దొరికితే నేనూ మానేసేదాన్నే. కోకిల గారూ, మొదటి సాధనలో అతను తప్పులు ఎలా దిద్దుతున్నాడో చూడండి. "ఆల్టోలు, మళ్లీ" అంటే ఉండండి. వేలు పెట్టి చూపిస్తే గౌరవంగా తప్పుకోండి. జీతం లేని పనికి ఉన్న సుఖమే అది.

గంటల లెక్క నిజమే. నవంబరు చివరి వారం ఇంకా ఎక్కువ అవుతుంది, ముందే చెబుతున్నాను. డిసెంబరు మొదట్లోనే టర్మ్ ముగిసి అందరూ ఇళ్లకు పోతారు కాబట్టి కళాశాల క్రిస్మస్ పాటల సభ నెల రోజుల ముందే జరిపేస్తుంది. ఆ వారం వ్యాసం గడువు పెట్టుకోకండి. నేను పెట్టుకున్నాను.

గుంటూరు వారితో నాకు తగవు లేదు. అర్థం తెలుసుకుని పాడమన్నది మంచి మాట. నాకు ఆ ముసలాయన పాట మూడో ఏడాదిలో, తాతగారు పోయారని ఫోను వచ్చిన వారంలో అర్థమైంది. అంతకు ముందు దాదాపు ప్రతి ఆదివారం పాడాను, ఎక్కడ ఊపిరి తీసుకోవాలన్నదే చూసుకున్నాను.

అన్నట్టు, నల్ల బూట్లు కొనుక్కోండి. మెడ నుంచి చీలమండ దాకా కాసక్ అనే పొడుగాటి అంగీ కప్పేస్తుంది, దాని మీద సర్‌ప్లిస్ అనే తెల్లని వదులు చొక్కా. లోపల ఏం వేసుకున్నా ఎవరికీ తెలియదు, బూట్లు మాత్రం అందరికీ కనబడతాయి. మిల్ రోడ్డులో చారిటీ దుకాణాలున్నాయి, అక్కడ చవక. కాసక్ పొడవు చూసుకుని తీసుకోండి. పొట్టివాళ్లకు సరిపోయేవి రెండో మూడో ఉంటాయి, ముందు వచ్చినవాళ్లు పట్టుకుపోతారు.


కాకినాడ కోకిల

అక్కా, వెళ్లాను. ఇప్పుడే గదికి వచ్చి రాస్తున్నాను.

నల్ల బూట్లు దొరికాయి, ఒక సైజు పెద్దవి. కాసక్ కూడా పెద్దదే, మెట్లెక్కేటప్పుడు లంగావోణీ నాటిలా కుచ్చెళ్లు పట్టుకుని ఎక్కాను. నడిపే అబ్బాయి మంచివాడు, "ఆల్టోలు, మళ్లీ" అనే రకం. ఆ మాట తొమ్మిదిసార్లు అన్నాడు. రెండు చుక్కల దగ్గర ఆగాను, ప్రతిసారీ ఆగాను. పైగా ఆగనవసరం లేని ఒక కామా దగ్గర కూడా ఆగాను. అప్పుడు నా గొంతు వినబడకపోవడం తప్ప ఏమీ జరగలేదు. మరియమ్మ పాటలో రెండో పేజీలో షడ్జం పోయింది, మళ్లీ దొరకలేదు. పెదవులు కదిపాను. ముగింపు స్వరం మాత్రం అందరితో పాటు అందుకున్నాను. అది పంచమమో షడ్జమో తెలియదు గానీ, కింద బేస్‌లు, పైన సొప్రానోలు, నడుమ నేను. అలా నాకు నలువైపులా పాట ఉండటం ఇదే మొదటిసారి.

అందరూ వెళ్లాక చాప్లిన్ గారు, అంటే ఆ చాపెల్ పాదిరిగారు, కొత్తవాళ్లం ఇద్దరికీ పొడుగాటి కర్ర చివర చిన్న గంటలాంటి టోపీ ఉన్నది ఒకటి ఇచ్చి, కొవ్వొత్తుల పని చూడమన్నారు. ఆ వాసన ఇంకా చేతులకే ఉంది.

అమ్మకు ఫోను చేశాను. అక్కడ తెల్లవారుజాము మూడు దాటింది, మేలుకునే ఉంది. "పాడటం వరకేనా, ఇంకేమైనా చేయించారా?" అని మళ్లీ అడిగింది. కొవ్వొత్తులు ఆర్పించారని చెప్పాను. "ఆర్పడం అనకూడదే, ఎన్నిసార్లు చెప్పాలి, కొండెక్కించాను అను" అని కోప్పడింది. తర్వాత ఏం పెట్టారని అడిగింది.

పుట్టగొడుగుల రిసొట్టో అన్నాను.